ఏడో పేరు అవ్వది

మన దేశంలో పన్నెండేళ్ళు పిల్లలకు సంభావ్యత పాఠం చెప్పాను. సంచిలో ఎర్ర బంతులు, తెల్ల బంతులు. సూత్రం, జవాబు, గంట. నిజంగా బంతి తీసి చూసింది ఒక్కసారీ లేదు. అందుకే, దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది మనవాళ్ళు ఎక్కువగా ఉండే చాట్స్‌వర్త్‌లో టీచరుగా చేరాక, కంప్యూటర్‌తో గణాంకాలు నేర్పే కోర్సు పాసైతేనే ఉద్యోగం ఖాయం అన్నప్పుడు ఒళ్ళు మండింది. నాకా పాఠాలు?

బడివాళ్ళిచ్చిన కంప్యూటర్‌ను మా ఇంటి యజమానురాలు అవ్వ భోజనాల బల్ల మీద పెట్టాను. అవ్వ తాతలు చెరకు తోటల పనికి విశాఖ వైపు నుంచి ఓడెక్కినవాళ్ళు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆదేశం కొడితే నాణెం వెయ్యిసార్లు ఎగిరేది. అవ్వ కాసేపు చూసి, నాణెం ఎక్కడుందని అడిగింది. లేదన్నాను. మరి దేన్ని ఎగరేస్తున్నావంది. నాకూ సరిగ్గా తెలియదని ఒప్పుకోలేక విసుక్కున్నాను.

ఆ వీధిలో అమ్మవారికి ఏటా అంబలి పోస్తారు. ఊరేగింపులో ముందు కుండ ఎవరెత్తాలన్న దగ్గర ఏటా తగువే. మోకాళ్ళు మొరాయించేలోగా ఒక్కసారైనా ముందు నడవాలని అవ్వ ఆశ. ముప్పై ఏళ్ళుగా ఆవిడకు ఆ వంతు రాలేదు. ఆ ఏడాది పన్నెండుమంది ఆడవాళ్ళు మాకంటే మాకన్నారు.

"మిషన్‌కి సుట్టం లేదు. అదే సెప్పాలి," అంది అవ్వ.

పేర్లు తోచిన వరసలో రాసి, కంప్యూటర్ వెలిగించి, ఒకటి నుంచి పన్నెండు దాకా ఒక అంకె తియ్యమన్నాను. ఏడు. ఏడో పేరు అవ్వది.

అద్దెకున్నది ఇంటామెకు కాక ఎవరికిస్తుందని ఎదురింటావిడ మూతి తిప్పింది. నాకు రోషం వచ్చింది. మర్నాడు అందరి కళ్ళముందే మళ్ళీ వెలిగించి తీశాను. ఏడు. ఆ మర్నాడూ ఏడే. ఎదురింటావిడ చెంపలేసుకుంది. మూడుసార్లూ ఏడే పడే అవకాశం పదిహేడు వందల ఇరవై ఎనిమిదిలో ఒకటని నేను లెక్క కట్టాను. దేవుణ్ణి పెద్దగా నమ్మనిదాన్ని, కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టనిచ్చాను. కీబోర్డు సందుల్లో ఆ కుంకుమ ఎన్నాళ్ళకీ పోలేదు.

పొంగిపోయి అదంతా ప్రాజెక్టులో రాశాను. పండగకు రెండు రోజుల ముందు కోర్సు లెక్చరర్ నవ్వాపుకుంటూ తిరిగిచ్చాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో అంకెలు ఒక పొడుగాటి వరసలోంచి వస్తాయట. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో మనం చెప్పకపోతే, తెరిచిన ప్రతిసారీ మొదటి అంకె దగ్గరే మొదలెడుతుందట. ఇంటికొచ్చి పదిసార్లు ఆపి వెలిగించాను. పదిసార్లూ ఏడే.

నిజాయితీ తన్నుకొచ్చింది. పరుగున వెళ్ళి ఆడవాళ్ళందరికీ చెప్పేశాను. గుడిలో చీటీలు వేసి తీస్తే ఎదురింటావిడ పేరు వచ్చింది. పండగనాడు ఆవిడ ముందు, అవ్వ వెనక, మరీ వెనక గొప్ప పని చేశానన్న ముఖంతో నేను.

పరీక్షలో సరిగ్గా అలాంటి ప్రశ్నే వచ్చింది. ఏ అంకె వస్తుందో ఎవరికీ తెలియకుండా పేర్లు రాసుంటే మొదటి తీత న్యాయమైనదే, తర్వాతివే పనికిరానివి అని రాసి, కలం ఆపేశాను. అంటే అవ్వకు పడ్డ మొదటి ఏడు న్యాయంగా పడ్డదే. అవ్వ కుండను చేజేతులా లాక్కుని ఎదురింటావిడ నెత్తిన పెట్టాను.

పాసయ్యాను, ఉద్యోగం ఖాయమైంది. ఆ సాయంత్రం అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ చివరిదాకా విన్నది.

"ఏమే టీచరూ, నీ సదువు పండగ అయినాకే వస్తాదా?"