చెవి పండిన పిల్ల

అళగర్సామి తన చెవుల గురించి ఎన్నడూ దిగులుపడలేదు. ఒక వయసంతా మరమగ్గాల మధ్య నిలబడ్డవాడికి ఇంకా చెవులుంటేనే వింత అనేవాడు. అతడి ధీమా అంతా కూతురు పాండిసెల్వి. ఇంట్లో ఒక్కరి చెవులు బాగుంటే సంసారం గడిచిపోతుందని అతడి నమ్మకం. పాలబండి హారను, కుక్కరు కూత, ఫోను, అన్నీ ఆ పిల్లే వినాలి. అతడికి ఉన్న ఆస్తి ఆ రెండు చెవులే. వాటిని చేతులారా పాడుచేసిందీ అతడే.

తమిళనాట కోవిల్‌పట్టి పక్కన, తెలుగు మాట్లాడే ఆ నేతవాళ్ళ వీధిలో ఒక మాట ఉంది. మగ్గాల షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి కొన్నాళ్ళయ్యాక, మగ్గం ఆగినా చెవిలో గుయ్‌మనే మోత ఆగదు. పెద్దవాళ్ళు దాన్ని ‘చెవి పండడం’ అంటారు. పండిన చెవికే పోగు తెగిన చప్పుడు అందుతుందట, అప్పటికి గాని మనిషి నేతగాడు కాడట. పుండును పట్టుకుని పండనుకునే తెలివి!

పాండిసెల్వి ప్లస్‌టూ అయ్యాక తండ్రి పక్కనే మగ్గాలు, వాళ్ళ మాటలో తరులు, చూసుకోసాగింది. చెవి గుయ్‌మంటోందని చెప్పిన సాయంత్రం అళగర్సామి వేరుశనగల కడలమిఠాయి తెచ్చి వీధంతా పంచాడు. తర్వాత ఎప్పుడో వైద్య శిబిరంవాళ్ళు వచ్చి, చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు ఇచ్చి వెళ్ళారు. పిల్ల బుద్ధిగా పెట్టుకుంది. అళగర్సామికి తల కొట్టేసినట్టయింది. అందరి ఎదుటా వాటిని తనే లాగేశాడు.

“చెవి మూసుకొని తరి తోలితే పోగు తెగేది ఎట్ల తెలిసేది పాపా?” అన్నాడు.

ఆమె మళ్ళీ పెట్టుకోలేదు. నాన్న మాట జవదాటే పిల్ల కాదు. ఆ ఒక్కసారి దాటి ఉంటే ఎంత బాగుండేది.

ఆ వీధిలో ఎవరి చెవి ఎంత చెడిందో అంత తొందరగా బయటపడదు. షెడ్డు మోతలో ఏమీ వినబడదు కనుక అందరూ పెదాలు చూసి మాట పట్టుకుంటారు. ఇంటికొచ్చినా అదే అలవాటు. తల్లి పాపమ్మాళ్ అన్నానికి పిలవాలన్నా ఎదురుగా వచ్చి, నోరు పెద్దగా తెరిచి, చేత్తో సైగ చేసి మరీ పిలుస్తుంది. అలాంటి ఇంట్లో పాండిసెల్వి అన్నిటికీ జవాబు చెప్తూనే ఉండేది. పాలబండి వెళ్ళిపోతే నిద్రపట్టిందనేది, ఫోను ఎత్తకపోతే మోగనే లేదనేది. వాళ్ళు నమ్మారు.

మొన్న తండ్రికి చెవి మిషను పెట్టించాలని విరుదునగర్‌లో డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళింది ఆమే. డాక్టరమ్మ మాస్కు వేసుకుని ఉంది. ఏదో అడిగినట్టుంది, పాండిసెల్వి నవ్వి తల ఊపింది. డాక్టరమ్మ కనుబొమలు ముడిచి మళ్ళీ అడిగింది. పిల్ల మళ్ళీ నవ్వి తల ఊపింది.

ఆ నవ్వు అళగర్సామికి తెలుసు. ఏమీ వినబడనప్పుడు పరువు దక్కించుకోవడానికి తను ఏళ్ళ తరబడి నవ్విన నవ్వు అది. 

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి ఇద్దరికీ పరీక్ష చేసింది. పెదాలు కనిపించేలా అరవంలో నిదానంగా చెప్పింది. పిల్ల చెవులు చాలావరకు పోయాయి, పోయింది ఇక రాదు. మిషను పెడితే చప్పుడు పెరుగుతుందే గాని మాట తేటపడదు. షెడ్డులో బిరడాలు పెట్టుకోలేదా అని అడిగితే, పోగు తెగేది తెలియదని అళగర్సామి నసిగాడు. కొన్నాళ్ళు అలవాటుపడితే వాటితోనూ తెలుస్తుందని, అలా నేసేవాళ్ళు ఎందరో ఉన్నారని ఆమె చెప్పింది. చేతులు కాలాక ఆకులు దొరికి ఏం లాభం?

బస్టాండులో కూతురి ముఖం తన వైపు తిప్పుకొని, ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“చెవి పండిందని మిఠాయి పంచితివే నాయినా. పోయిందని నీకు ఎట్ల చెప్పేది?”

కోవిల్‌పట్టి బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బస్సు సాత్తూరు దాటింది. అప్పుడు అతడు ఆమె భుజం తట్టాడు. ఆమె తిరిగింది. అతడి పెదాలు కదలబోవడం చూసి కళ్ళు మూసుకుంది.

“నేనే కదా ఆ బిరడాలు పీకి పారేస్తిని పాపా,” అన్నాడు.

తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో అతడికి తెలియలేదు. ముందు సీట్లవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. పాండిసెల్వి కళ్ళు తెరవలేదు.