మా ఇంటి టీవీలో మాంసం

ఆ టీవీ ఆట తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. పూజ రోజుల్లో ఉల్లిపాయ కూడా ముట్టని ఇంటి కోడల్ని. యాభైకి దగ్గరపడ్డ మనిషిని. అలాంటిదాన్ని మిర్యాలగూడలో మా హాల్లో కూర్చుని, తోలు ఊడిన మనుషులను తుపాకీతో కాల్చాను. అదీ పట్టపగలు, పక్క గదిలో మా అత్తమ్మ ఉండగా.

కారణం మా ఆయన కుడిచెయ్యి. మాది వడ్ల వ్యాపారం, రైస్ మిల్లు. పోయిన వానాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే తేరుకుంది, మాట కాస్త ముద్దగానైనా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం మణికట్టు దాకా కదిలి, వేళ్ల దగ్గర ఆగిపోయింది. మిల్లు ముందు ట్రాక్టరు ఆగగానే బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు వడ్లు తీసి, బొటనవేలితో అరచేతిలో నలిపి, పొట్టు ఊది, గింజ కొరికి, "పచ్చిగున్నయి, ఇంకొక ఎండ తగలాలె" అని చెప్పడమే ఆయనకు బతుకు. తేమ కొలిచే మిషన్లు వచ్చినా రైతులు ఆయన చేతినే అడిగేవారు. ఆ బొటనవేలే లేవకుండా పోయింది. ఎడమచేత్తో నలపొచ్చు కదా అని మా మరిది అంటే, "ఈ చెయ్యి వచ్చినంకనే మిల్లుకొస్త. రాకుంటే నేను గూడ రాను" అని భీష్మించుకుని ఇంట్లో కూర్చున్నాడు.

సూర్యాపేటలో ఒక దవాఖానకు వ్యాయామాల కోసం తీసుకెళ్లేదాన్ని. అక్కడ చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి, రోజూ నొక్కమంది. ఇంటికి రాగానే ఆయన దాన్ని ఎడమచేత్తో కిటికీలోంచి విసిరేశాడు. "నేనేమన్న పసిపోరణ్ణా?" అని కోపం. అన్నం తినిపించబోతే కోపం, గుండీ పెట్టబోతే కోపం. ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు.

కోదాడలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మా తమ్ముడికి ఫోన్లో చెప్పుకుని ఏడ్చాను. వాడు ఆదివారం గరిడేపల్లి మీదుగా వచ్చి, టీవీకి తగిలించే గేమ్ బాక్సు ఒకటి పెట్టాడు. రెండు చేతులతో పట్టుకుని వేళ్లతో నొక్కే రిమోటు దానికి. మొదట కారు పందెం పెడితే మా ఆయన ఆవులించాడు. క్రికెట్ పెడితే ఎడమచేత్తోనే కానిచ్చాడు. ఆఖరికి, "బావా, ఇది చూడు. గుండె జారిపోతుంది" అని ఈ దరిద్రపు ఆట పెట్టాడు.

అందులో ఆడేవాడు కనబడడు. వాడి రెండు చేతులు, తుపాకీ మాత్రం తెర మీద కింద నుంచి పొడుచుకొచ్చి ఉంటాయి.

"ఆ చేతులు నీవే అనుకోవాలక్కా. అప్పుడే మజా ఉంటుంది" అన్నాడు తమ్ముడు.

గోళ్లలో మట్టి, ముంజేతుల మీద ఎండిన రక్తం. అవి నావి అనుకోవాలట! మూతబడిన మాంసం ఫ్యాక్టరీలో చీకటి గదులు, కొక్కేలకు వేలాడే ముద్దలు, గోడల మీద కారే జిగురు. అడుగు వేస్తే కాళ్ల కింద పచక్‌మని చప్పుడు. నేను లేచి పోబోతుంటే తలుపు వెనక నుంచి ముఖం లేని మనిషి ఒకడు మీద పడ్డాడు. ముగ్గురం కెవ్వున అరిచాం. అప్పుడే నా కంట పడింది. మా ఆయన కుడి బొటనవేలు ఒక్కసారి అదిరి, మళ్లీ పడుకుంది.

ఇంకేముంది, తమ్ముడు కోదాడ వెళ్లిపోయాడు, ఆట నా మెడకు చుట్టుకుంది. రిమోటు ఒకటి, మనుషులం ఇద్దరం. ఎడమవైపు పట్టుకుని ఆయన నడిపించాలి, కుడివైపు పట్టుకుని నేను కాల్చాలి. ఆయన కుడి బొటనవేలిని బటన్ల మీద ఊరికే ఆనించి, దాని పక్కన నా వేలు పెట్టుకునేదాన్ని. సోఫాలో భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. పెళ్లైన కొత్తలో కూడా మేం అంత దగ్గరగా కూర్చున్నది లేదు. ఆయనేమో ఏది అసహ్యంగా ఉంటే దాని దగ్గరికే నడిపించేవాడు. నేను కళ్లు మూసుకుని కాల్చేదాన్ని.

"గోడలు నీకేం పాపం చేసినయే? వాణ్ణి కొట్టు!"

"మీరు వాని మీదికి పోకుండ్రి మరి!"

బియ్యంలో పురుగు కనబడితే చేటలో చెరిగి పారబోసే ఇల్లు మాది. ఇక్కడ ఒక్కొక్కడి పొట్ట పగిలి పురుగులు కుప్పలుగా నేల మీద పడేవి. అవి మెల్లగా నా వైపే పాకేవి. ఛీ, ఎవడికి తట్టిందో ఆ ఆలోచన! వాణ్ణి వాళ్లమ్మ ఏం పెట్టి పెంచిందో! కొన్నాళ్లు టమాట పచ్చడి నూరడం మానేశాను. రోట్లో ఆ ఎర్రటి గుజ్జు చూస్తే వాంతి వచ్చేది.

మేం ఆట పెట్టగానే మా అత్తమ్మ, గ్రహణం రోజు మూసినట్టు పూజగదికి తెర లాగేది. మొదటిరోజు ఆట అయ్యాక నేను టీ పెడదామని లేస్తే వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సచ్చినోళ్లను సూసి, తానం చెయ్యకుండ లోపలికి పోతవా?"

"వాళ్లు నిజంగ సచ్చినోళ్లు కాదత్తమ్మా."

"సంపినవా, లేదా?"

"సంపిన."

"అయితే పోయి తానం చెయ్యి."

ఆట ఆడిన ప్రతిరోజూ తల మీద నీళ్లు పోసుకున్నాకే పొయ్యి ముట్టించేదాన్ని. తన కొడుక్కి మాత్రం కాళ్లు కడుక్కుంటే సరిపోయేది. రోగిష్టివాడట! చంపిన పాపమంతా కుడివైపుదే అయినట్టు జుట్టు తడుపుకుని తిరిగింది నేను.

అసలు చిక్కు మాంసం డబ్బాల దగ్గర వచ్చింది. దెబ్బలు తగిలిన కొద్దీ తెర అంచులు ఎర్రబడతాయి. పూర్తిగా ఎర్రబడితే చావే. ప్రాణం నిలవాలంటే దారిలో దొరికే డబ్బా తెరిచి, అందులోని పచ్చి మాంసం తినాలి. గుండ్రటి బటన్ నొక్కితే ఆ మట్టి చేతులే డబ్బాలోంచి తోడుకుని నోట్లో కుక్కుకుంటాయి. తమ్ముడికి ఫోన్ చేసి, ఇంకేదైనా తినే దారి ఉందా అని అడిగాను.

"లేదక్కా. అయినా తినేది నువ్వు కాదు కదా, వాడు."

"ఆ చేతులు నావే అనుకోమన్నది నువ్వే గదరా!"

వాడు పగలబడి నవ్వాడు. మా ఆయన మాత్రం అప్పుడు నా పక్షమే. హైవే మీద మునగాల దాబాలు వస్తున్నాయంటే మాంసం వాసనకు కారు అద్దాలు ఎక్కించే మనిషి ఆయన. "తినొద్దు. తినకుండనే గెలుద్దాం" అన్నాడు. తినకుండా ఎవడు గెలవనిస్తాడు? చల్లటి గది ఒకటి ఉంది. అందులో కత్తి పట్టుకున్న ఒక బండవాడు. ఎప్పుడు పోయినా వాడి చేతిలో చచ్చి, మళ్లీ గుమ్మం దగ్గర లేచేవాళ్లం. పోనుపోనూ మా ఆయనకు పట్టుదల పెరిగింది. ఆ గదిలో బల్ల మీద పెట్టిన మాంసం డబ్బా వైపు ఆయన చూపు పోయేది.

"జర ఒక్కసారి తినిపియ్యే."

"సిగ్గు లేదా మీకు?"

"టీవీల తింటే ఏమైతది?"

"నా చేత్తోని మాత్రం కాదు."

నిజంగానే నాకు ఆయన మీద అసహ్యం పుట్టింది. ఆటలోనే అనుకోండి, అయినా ఆ ఆశ చూడలేకపోయాను.

ఈలోపు సూర్యాపేట వెళ్లాల్సిన రోజు వచ్చింది. ఆటలో భయపడ్డప్పుడు వేలు అదురుతోందని సంబరంగా చెప్పాను. వ్యాయామాల అమ్మాయి ఆయన వేలు పట్టుకుని చూసి, "భయానికి అదిరితే లెక్కలకు రాదు మేడమ్. సారు కావాలని కదిలించాలె. అది ఇంకా మొదలు గాలే" అంది. తిరిగి వస్తున్నంతసేపూ ఆయన ఎడమచేత్తో ఆ వేలిని పైకి లేపి వదులుతూనే ఉన్నాడు. ఇంటి ముందు కారు దిగుతూ, "ఇగ రాదేమోనే" అన్నాడు. అంత కోపిష్టి మనిషి నోట అంత చిన్న మాట వినడం అదే మొదటిసారి. అబద్ధమైనా ఏదో ఒకటి చెప్పాల్సింది. నేను మందుల సంచి తీసుకుని లోపలికి నడిచాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయనే టీవీ పెట్టమన్నాడు. మళ్లీ అదే చల్లటి గది. బండవాడి కత్తి రెండుసార్లు తగిలింది, తెర ఎర్రబడింది. ఆయన మమ్మల్ని బల్ల చాటుకు లాక్కుపోయాడు. ఎదురుగా డబ్బా.

"తినిపియ్యే!"

"తినిపియ్య."

"సస్తున్నమే!"

"సద్దాం!"

డబ్బాలోంచి జిగట బుడగలు వస్తున్నాయి. నాకు వాంతి వచ్చినంత పనై, రిమోటు వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను. చావు కేక కోసం ఎదురుచూస్తుంటే, చప్పుడు వేరేది వచ్చింది. నమిలే చప్పుడు. చప్పరిస్తూ, తడితడిగా, ఆబగా నమిలే చప్పుడు.

కళ్లు తెరిచాను. ఆ రోత చేతులు మాంసం కుక్కుకుంటున్నాయి. నా చేతులు రెండూ నా మూతి మీద ఉన్నాయి. కిందికి చూశాను. గుండ్రటి బటన్ మీద ఆయన కుడి బొటనవేలు ఒరిగి ఉంది. వణుకుతోంది, గోరు కొస తెల్లబడింది, బటన్ మాత్రం లోపలికి దిగి ఉంది. ఆయన టీవీ చూడటం లేదు. తన వేలినే చూసుకుంటున్నాడు, అది పరాయివాళ్ల వేలైనట్టు.

"నేనే నొక్కిన" అన్నాడు. "కావాలనే నొక్కిన."

నాకు ఏడుపూ డోకూ ఒక్కసారే వచ్చాయి. ముక్కు తుడుచుకుని, జన్మలో చూడననుకున్న ఆ గదిని మూలమూలా వెతికాను.

"అగో, గా తలుపు పక్కన ఇంకొక డబ్బ ఉన్నది. పోదాం పాండ్రి. అది గూడ మీరే తినుర్రి."