ఎర్ర దీపం ఆరేదాకా

2004 వేసవిలో నేను గుంటూరులోని ఒక ప్రభుత్వ నేరపరిశోధన ప్రయోగశాలలో, భౌతికశాస్త్ర విభాగంలో సైంటిఫిక్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఆ ఏడు మే నెలలో సత్తెనపల్లి రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కాలింది. ఆ చుట్టుపక్కల దాని గురించి ఇప్పటికీ రకరకాలుగా చెప్పుకుంటారు కనుక, రూఢిగా తెలిసినదాన్నీ వినికిడినీ ముందే వేరుచేస్తాను. మూడో ఛాంబరు పూర్తిగా కాలింది. దాని పడమటి గోడ నేను లోపల ఉన్న పూటే కూలింది. సుభానీ అనే ఎలక్ట్రీషియన్‌ను పోలీసులు పట్టుకున్నారు. ఇవి రూఢి. సుభానీ తాగి ఉన్నాడన్నదీ, యజమానే నిప్పు పెట్టించాడన్నదీ, నా కెమెరా దయ్యం పట్టినట్టు బిగుసుకుపోయిందన్నదీ వినికిడి. కెమెరా విషయంలో మాత్రం నా దగ్గర కొలిచిన సమాధానం ఉంది.

ఆ కెమెరా అంతకు కొద్ది నెలల ముందే వచ్చింది. మా ప్రయోగశాలకు అదే మొదటి డిజిటల్ కెమెరా. ఫిల్ము రోజుల నుంచి మాకొక పద్ధతి ఉండేది. ప్రతి వస్తువునూ మూడు ఫ్రేములు తీయాలి: దూరం నుంచి ఒకటి, మధ్య దూరం నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి బాగా దగ్గర నుంచి ఒకటి. మొదటి రెండూ అది ఎక్కడ ఉందో చెబుతాయి, మూడోది ఏమిటో చెబుతుంది. వరుస మార్చకూడదు. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ గోడ మీదిదని డిఫెన్సు లాయరు అడుగుతాడు, జవాబు ఉండదు. దీనికి తోడు కొత్త ఆదేశం ఒకటి వచ్చింది. కుదించిన ఫొటోను కోర్టులో ప్రశ్నించవచ్చు కనుక ప్రతి ఫ్రేమునూ కుదించకుండా, పూర్తి పరిమాణంలో భద్రపరచాలట. ఆదేశం సహేతుకమైనదే. అయితే అలాంటి ఫైలు చాలా పెద్దది. మా కెమెరా తన లోపలి తాత్కాలిక నిల్వలో రెండు ఫైళ్ళను మాత్రమే పట్టుకోగలదు. అవి మెమరీ కార్డు మీదికి ఎక్కేదాకా షట్టరు నొక్కినా పలకదు. కార్డు తలుపు పక్కన చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. అది మిణుకుతుండగా తలుపు తెరిస్తే రాస్తున్న ఫైలు పాడవుతుంది.

అంటే ప్రతిసారీ ఆగేది మూడో ఫ్రేమే.

ఇది నేను టేబుల్ మీదే గమనించి స్టోర్సు సూపరింటెండెంట్‌కు చెప్పాను. ఆయన కార్డును వెలుతురుకు ఎత్తి చూపించారు.

"హై స్పీడ్ అని వాడే రాశాడు గదండీ. ఇంకెంత స్పీడు కావాలి మీకు?"

"ఎంత అని అందులో లేదండీ. అదే నా బాధ."

"ఫొటోలు పడుతున్నయ్యా లేదా? పడుతుంటే కార్డు బాగున్నట్టే లెక్క."

కొలత లేని విశేషణంతో వాదించి లాభం లేదు. ఆ సాయంత్రం కెమెరా పట్టుకుని బ్రాడీపేటలో నాకు తెలిసిన ఫొటో స్టూడియోకు వెళ్ళాను. యజమాని శ్రీనివాసరావు పెళ్ళిళ్ళకు తిరిగే మనిషి. నలభై రెట్లు, ఎనభై రెట్లు అని ముద్రించిన రెండు కార్డులు నా ముందు పెట్టాడు.

"ఎనభైది తీసుకోండి సార్. క్లారిటీ అదిరిపోద్ది."

కార్డు వేగానికీ ఫొటో స్పష్టతకూ సంబంధం లేదని చెప్పాను.

"లేకపోతే లేదులెండి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కెమెరా ఆలోచిస్తా కూర్చుందనుకోండి, పెళ్ళికొడుకు ఆగుతాడా? పురోహితుడు ఆగుతాడా? అది మటుకు నిజం."

అది మటుకు నిజమే. ఆ సంఖ్య పాత సీడీ డ్రైవు వేగానికి ఎన్ని రెట్లో సూచిస్తుంది. చాలాసార్లు అది కార్డును చదివే వేగం. మనకు కావలసింది రాసే వేగం, అది అట్ట మీద ఉండదు. కనుక అతని కౌంటరు మీదే ఒకే బొమ్మను ఒకే వెలుతురులో మాదానితో కలిపి మూడు కార్డుల మీద తీసి, స్టాప్‌వాచ్‌తో ఎర్ర దీపం ఆరే సమయం కొలిచాను. నలభై రెట్ల కార్డు మాదానికి పట్టిన సమయంలో సగంలోనే పని ముగించింది. ఎనభై రెట్లదానికీ నలభైదానికీ తేడా కనబడలేదు. కెమెరాయే అంతకంటే వేగంగా పంపలేకపోతున్నది. మాకు సరిపోయేది నలభై. ఆ మాట రాసి స్టోర్సుకు పంపాను. తనది వాడుకోమని శ్రీనివాసరావు అన్నాడు గానీ, సాక్ష్యం ఎక్కే కార్డు ప్రయోగశాల ఆస్తి అయి ఉండాలి. బయటి కార్డు పనికిరాదు.

నా కోరికకు జవాబు రాకముందే కోల్డ్ స్టోరేజీ కాలింది.

మేము వెళ్ళేసరికి మంట ఆరింది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లోపల ఇంకా రాజుకుంటున్నాయి. మిర్చి పొగ కళ్ళను కాదు, ముందు గొంతును పట్టుకుంటుంది. ఫైర్ సిబ్బంది తడిగుడ్డలు కట్టుకుని కూడా దగ్గుతున్నారు. గోడలకు లోపల వేసిన థర్మోకోల్ కరిగి నల్లటి జిగురుగా కారింది. పడమటి గోడ పైభాగం లోపలికి వంగి ఉంది. దానిని పడగొట్టడానికి జేసీబీ వచ్చి నిలిచి ఉంది.

సుభానీ పోలీసు జీపులో కూర్చుని ఉన్నాడు. నిప్పు పుట్టిన రోజు మధ్యాహ్నం అతనే అక్కడ మోటారు స్టార్టర్ మార్చాడు. సర్కిల్ ఇన్స్‌పెక్టర్ దృష్టిలో కేసు అక్కడితో ముగిసింది. నేను ఆ స్టార్టర్‌ను విప్పించి చూశాను. అది ఛాంబరు బయటి వరండాలో ఉంది. లోపలి కాంటాక్టులు కాలకుండా, కరగకుండా శుభ్రంగా ఉన్నాయి. ఆ మాటే ఇన్స్‌పెక్టర్‌కు చెప్పాను.

"మరి నిప్పు ఆకాశంలోంచి ఊడిపడిందా సార్? ఇంకో చోటు చూపించండి, వదిలేస్తా. లేకపోతే వీడే."

సుభానీ జీపులోంచి అరిచాడు. "లైట్ల వైరండీ! పడమటి గోడ మీద పాత వైరు. మార్చమని రెండుసార్లు చెప్పా, ఇన్లేదండి. మీరన్నా చూడండి సార్!"

కరెంటు పారుతున్న వైరు షార్టయి తెగితే రాగి కరిగి కొసన గుండ్రటి పూసలా గడ్డకడుతుంది. బయటి మంటకు కరిగితే రాగి కారి సన్నబడుతుంది. పూస ఉన్నంత మాత్రాన నిప్పు అక్కడే పుట్టిందని తేలదు గానీ, అది లేకపోతే సుభానీ మాటకు ఆధారమే లేదు. పూస, అది ఉన్న చోటుతో సహా, ఫొటోలో పడాలి. గోడ కూలాక శిథిలాల్లో దొరికే రాగిముక్క ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.

స్టేషన్ ఫైర్ ఆఫీసర్ వెంకయ్య గారు చాలాసేపు ఒప్పుకోలేదు. చివరకు హెల్మెట్ ఇచ్చారు. "గోడ మీద చెయ్యి పెట్టబాకండి. నేను కేకేస్తే కెమెరా గిమెరా చూడబాకండి, వచ్చేయండి."

నేను ఒక్కడినే వెళ్ళాను. లోపలికి వెళ్ళేముందే నాకు తెలుసు, మూడో ఫ్రేము దగ్గర ఆగాలి, ఆగాల్సింది ఆ గోడ కిందే. తెలిసిన భయం తెలియని భయంకంటే తేలికని కొందరు అంటారు. నా అనుభవంలో అది నిజం కాదు. టార్చి వెలుతురులో వైరు కనబడింది. సగానికి తెగి వేలాడుతున్నది. దూరం నుంచి ఒకటి తీశాను. నాలుగు అడుగులు వేసి రెండోది తీశాను. గోడకు ఆనుకుని, వైరు పక్కన స్కేలు నిలబెట్టి మూడోదానికి నొక్కాను. పలకలేదు. ఎర్ర దీపం మిణుకుతున్నది.

చల్లారుతున్న ఇటుకలు టిక్కుమంటున్నాయి. నా భుజం మీద సన్నటి పొడి రాలుతున్నది. మొదట దాన్ని బూడిద అనుకున్నాను. వేళ్ళతో నలిపితే సున్నం తగిలింది. బూడిద పైనుంచి ఎప్పుడైనా రాలుతుంది. సున్నం రాలిందంటే గోడ కదులుతున్నది. కెమెరా కదలకుండా మోచేతులు పొట్టకు అదుముకున్నాను.

"సార్! పగులు పెరుగుతుంది! వచ్చేయండి!" బయటి నుంచి వెంకయ్య గారు కేకేశారు.

దీపం ఇంకా మిణుకుతూనే ఉంది. వెళ్ళిపోదామని ఒక కాలు వెనక్కి వేశాను కూడా. సరిగ్గా అప్పుడు దీపం ఆరి కెమెరా సిద్ధమైంది. నొక్కాను, ఫ్లాష్ వెలిగింది, పరుగెత్తాను. ద్వారం దగ్గర కాలిన టిక్కీ మీద కాలు జారి గడపకు గుద్దుకున్నాను. వెంకయ్య గారు నా చొక్కా పట్టి బయటికి లాగారు. గోడ పడిన చప్పుడు వినిపించిందో లేదో నాకు గుర్తు లేదు. ఎర్రటి కారపు దుమ్ము మా ఇద్దరినీ కప్పేసింది. నేలమీద కెమెరా ఉంది, కార్డు తలుపు తెరుచుకుని.

మొదటి రెండు ఫ్రేములూ పూర్తిగా ఉన్నాయి. మూడోదానిలో పై మూడోవంతు మాత్రమే ఉంది: స్కేలు పైకొస, వైరు తొడుగు. తెగిన కొస ఉండవలసిన కింది భాగమంతా బూడిదరంగు.

స్టార్టర్‌లో నిప్పు పుట్టినట్టు ఆధారం లేదని, పాత వైరు కారణమై ఉండవచ్చుగానీ నిర్ధారించలేమని నివేదిక ఇచ్చాను. సుభానీ మీద కేసు నిలవలేదు. కానీ "ఉండవచ్చు" అన్న మాట కోర్టుకు సరిపోయినంతగా ఊరికి సరిపోలేదు. ఆ తర్వాత ఏ కోల్డ్ స్టోరేజీ వాళ్ళూ అతన్ని గేటు లోపలికి రానివ్వలేదని అతని భార్య మా ఆఫీసుకు వచ్చి చెప్పింది. చీరాలలో మగ్గాల వాళ్ళకు మోటార్లు బాగుచేస్తున్నాడని తర్వాత విన్నాను. ఇది వినికిడే.

ఈ ఘటన నాకు నేర్పింది ఇంతే. కార్డు వేగాన్ని అట్ట మీది సంఖ్యతో ఎంచకూడదు. మన పనిలో వరుసగా ఎన్ని ఫ్రేములు తీయాలో, ఎంత పెద్ద ఫైలు రాయాలో, మన కెమెరా ఎంత వేగంగా పంపగలదో ముందు కొలవాలి. ఆ కొలతకు సరిపోయే కార్డు కొనాలి, అంతకు మించినది అనవసరం. ఫొటో తీసే మనిషి ఎక్కడ నిలబడి ఎదురుచూడాలో కూడా ఆ కొలతలో భాగమే. నలభై రెట్ల కార్డు ఆ తర్వాత మంజూరైంది.

ఒక ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు: ఆ వైరు కొసన పూస ఉందా? ఫ్లాష్ వెలిగిన క్షణంలో గుండ్రటిదేదో మెరిసినట్టు నాకు గుర్తు. కానీ ఆ గోడ కింద, ఆ భయంలో నా కన్ను చూసినదాన్ని నేనే సాక్ష్యంగా ఒప్పుకోను. జేసీబీ ఆ ఇటుకలనూ రాగినీ కలిపి ఎత్తి లారీలో పోసింది. ఇక మిగిలింది ఆ మూడో ఫ్రేము. దాని కింది భాగంలో ఏమీ లేదు.