నాలుగో టైరు

బీచి గేటు కాపలాదారుకి ఉద్యోగం పేరు వేరే ఏదో ఉంది గాని, వచ్చేపోయేవాళ్ళందరికీ అతను గాలాయనే. ఇసుకలోకి దిగే ఏ బండికైనా టైర్లలో గాలి సగానికి తీస్తేగాని గేటెత్తడు. గాలి తగ్గిన టైరు ఇసుక మీద పరుచుకుని పోతుంది, నిండుగా ఉన్నది కూరుకుపోతుంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు పంక్చరు కొట్టులో గాలి నింపి బతికినవాడు, ఇప్పుడు తీసి బతుకుతున్నాడు. "ఇరవై స్పీడు దాటద్దు, తడి ఇసుక వదలద్దు, పోటొచ్చేలోపు బయటపడాలి" అని బోర్డు మీద ఉన్నవే రోజుకి వందసార్లు అప్పచెబుతాడు. లోపలికెళ్ళే బండికో బిళ్ళ ఇస్తాడు, తిరిగొచ్చినప్పుడు తీసుకుంటాడు. బిళ్ళలన్నీ మళ్ళీ మేకులకెక్కితేనే ఇంటిముఖం పడతాడు.

ఆ మధ్యాహ్నం గాలాయన అక్కా బావా వచ్చారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక అక్క గడప దాటడం అదే మొదలు. వెనక సీట్లో కాలు చాపుకుని, సముద్రం ఎప్పుడు కనిపిస్తుందా అని చిన్నపిల్లలా తొంగిచూస్తోంది. బావ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. గేటు దగ్గరే మొదలుపెట్టాడు.

"ముప్పయ్యేళ్ళు బస్సు తోలినవాణ్ణి. నాక్కూడా గాలి తీస్తావట్రా?"

"బస్సుని ఇసుకలో తోలారా బావా? మీరు దిగకండి, నేనే తీస్తా."

గాలాయనది ఎప్పుడూ ఒకటే వరస. ముందు ఎడమది, వెనక ఎడమది, వెనక కుడిది, ఆఖర్న ముందు కుడిది. మూడోది అయ్యేసరికి వెనకున్న జీపువాడు హారన్ మోగించి, "చుట్టాలకైతే సేవలా?" అన్నాడు. గాలాయనకి అసలే ముక్కు మీద కోపం. వెళ్ళి వాణ్ణి దులిపేసి, వచ్చి గేటెత్తి, అక్కకి చెయ్యి ఊపాడు.

నాలుగున్నరకి పోటు మొదలైంది. బండ్లన్నీ తిరిగొచ్చాయి. ఒక్క బిళ్ళే రాలేదు, అది బావది. ఫోను కలవలేదు. ఖాళీ మేకు వైపు చూస్తూ, ఈయనకి రూలంటే లెక్కలేదని విసుక్కోబోయాడు. అంతలో గుర్తొచ్చింది. తను మూడు చక్రాల దగ్గరే కూర్చున్నాడు. నాలుగోదాని దగ్గర కూర్చోలేదు.

పార భుజానేసుకుని పరుగెత్తాడు. ఏభై అయిదేళ్ళ ఒళ్ళు, దిగబడే ఇసుక. అక్కకేమన్నా అయితే అన్న ఆలోచన రాగానే దాన్ని వెనక్కి నెట్టి ఇంకా గట్టిగా పరుగెత్తాడు.

కారు చివరాఖరున ఉంది. వెనక్కి తిప్పుకునేటప్పుడు మెత్తని ఇసుక తగిలి, ముందు కుడి చక్రం సగానికి దిగిపోయింది. బావ చేతులతో తవ్వుతున్నాడు. అలలు పది అడుగుల దూరానికి వచ్చేశాయి. అక్క కార్లోనే ఉంది.

"అక్కా, దిగలేదేంటి ఇంకా?"

"ఈ కాలితో ఎక్కడికి నడవనురా? బిళ్ళ రాకపోతే నువ్వే వస్తావని కూర్చున్నా. ముందు మీ బావకి డ్రైవింగు నేర్పు!"

బావ తలొంచుకుని తవ్వుతున్నాడు. గాలాయన వాల్వులో పుల్ల గుచ్చాడు. ఆ గాలి సుయ్యిమంటూ పోవడానికి యుగం పట్టినట్టుంది. చక్రం ముందర ఇసుక పారతో లాగేసి, కార్లో కాళ్ళ కింద ఉండే పట్టాలు చక్రం కింద పరిచి, బావని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, వెనక నుంచి నెట్టాడు. "మెల్లగా బావా, స్టీరింగు తిప్పకండి!" కారు మూలిగింది, ఒక్కసారి ఊగింది, గట్టి ఇసుక మీదికెక్కింది. రెండు అలలు గడిచేసరికి ఆ గుంట నిండా నీళ్ళే.

బతుకుజీవుడా అని గాలాయన అక్కడే కూలబడి ఏడ్చేశాడు. తర్వాత లేచి బావ దగ్గరికి వెళ్ళాడు.

"బావా, తప్పు మీది కాదు. ఆ టైరుకి గాలి తియ్యడం నేనే మరిచిపోయా."

తిట్లకి సిద్ధపడి నిలబడ్డాడు. బావ మొహం మాత్రం చాటంత అయింది.

"నిజంగానా? కాస్త వెనక కిటికీ దగ్గరికెళ్ళి చెప్పరా. గంట నుంచి నా సర్వీసంతా కడిగేస్తోంది మీ అక్క!"

గాలాయన కిటికీలోకి వంగి మళ్ళీ చెప్పాడు. అక్క అతని మొహం చూసింది, నీళ్ళు నిండిన గుంట చూసింది. చెయ్యి బయటికి చాపి, చిన్నప్పటిలా చెవి పట్టుకుంది.

"పోనివ్వండి" అంది మొగుడితో.

కారు నడక వేగంతో కదిలింది. గేటు వచ్చేదాకా అక్క చెవి వదల్లేదు. గాలాయన పక్కనే వంగి వంగి నడిచాడు. చెవి మండుతోంది గాని, ప్రాణం ఎంత హాయిగా ఉందో.