నాటకంలో వదలని చెయ్యి

అమెరికాలోని యంగ్స్‌టౌన్‌లో ఉక్కు మిల్లులు మూతపడి చాలా ఏళ్ళయింది. ఆకాశంలో పొగ లేకపోయినా ఎజ్రా టిబ్స్ ఇంకా పొగలోనే నడుస్తున్నట్టు నడిచేవాడు, తల కాస్త వంచి, కళ్ళు చిట్లించి, ముందు ఏముందో తెలియనట్టు. అలబామా పత్తిచేలలోంచి పడుచువాడుగా వచ్చి, ముసలివాడయ్యేదాకా కొలిమి ముందు నిలబడిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు వెర్లీన్ ఇంట్లో వెనక గదిలో ఉండేవాడు. ఊపిరితిత్తుల్లో మిల్లంతా పేరుకుపోయిందని, వచ్చే వేసవిదాకా ఉండటం కష్టమని ఆకులు రాలే రోజుల్లో డాక్టరు చెప్పాడు.

వీధిలో ఎవరిని అడిగినా ఈ సంగతులేవీ చెప్పరు. "ఎజ్రానా? నాటకంలో మనిషి" అంటారు.

అది డెల్మర్ ప్రూయిట్ రాసిన నాటకం. ఇవాళ దేశమంతా తెలిసిన రచయిత. అప్పట్లో మాత్రం వెర్లీన్ మేడ మీద ఒక చలికాలం అద్దెకున్న పొడుగాటి మనిషి, అంతే. వంటింటి బల్ల దగ్గర కూర్చుని అందరి మాటలూ వినేవాడు. వింటూ వింటూ కాఫీ చల్లారబెట్టుకునేవాడు. తర్వాత అతను రాసిన నాటకాలన్నిటిలోనూ ఆ వంటిల్లే ఉంది. దక్షిణాదిలో వదిలేసి వచ్చిన పొలాలు, తలుపు దగ్గర నిలబడి లోపలికి రాని చచ్చిపోయినవాళ్ళు, చలికి కప్పుకున్న దుప్పట్లలాంటి అబద్ధాలు.

ఒక సాయంత్రం ఎజ్రా అతనికి పర్సీ గురించి చెప్పాడు. పర్సీ, ఎజ్రా ఒకే ఊరి వాళ్ళు, ఒకే రైల్లో వచ్చినవాళ్ళు. కరిగిన ఉక్కు నింపిన తొట్టి కొక్కెం జారి ఒరిగిపోయిన రోజున పర్సీ కొలిమి అరుగు అంచు మీద పడ్డాడు. "నేను చెయ్యి పట్టుకున్నాను" అన్నాడు ఎజ్రా. అక్కడ ఆగిపోయాడు. కిటికీ అద్దం మీద మంచు పూలు పూస్తూ ఉంది. డెల్మర్ తర్వాతేమైందని అడగలేదు. అడగకుండానే రాసుకున్నాడు.

నాటకంలో ఆ మనిషి చెయ్యి వదలడు. తన చర్మం కాలుతున్నా వదలడు. మిత్రుడి ఊపిరి ఆగేదాకా చిన్నగా పాడుతూనే ఉంటాడు.

నిజంగా జరిగింది వేరు. ఎజ్రా చెయ్యి విడిపించుకున్నాడు. పర్సీ వేళ్ళు బిగించి పట్టుకుంటే ఒక్కొక్కటే ఊడదీసుకున్నాడు. పరుగెత్తాడు. వెనకనుంచి పర్సీ అతన్ని పేరు పెట్టి పిలిచాడు. తిట్టలేదు. వాకిట్లోంచి పిలిచినట్టు పిలిచాడు.

పర్సీ భార్య ఒపాల్ ఆ నాటకాన్ని క్లీవ్‌లాండ్‌లో చూసింది. మర్నాడే వెర్లీన్ ఇంటికొచ్చి ఎజ్రా కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఒక్కడే పోయాడనుకుని ఇన్నాళ్ళూ నిద్రపోలేదు. ఈ చెయ్యుందని నాకెవరూ చెప్పలేదు" అంది. ఎజ్రా నోరు విప్పలేదు. ఆనాటినుంచి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అతనికి ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంప కూరిన తీపి రొట్టె కట్టి పంపించేది. ఇన్నేళ్ళలో ఎజ్రా ఏనాడూ అబద్ధం ఆడలేదు. ఎవరైనా అడిగితే దగ్గేవాడు, టోపీ సర్దుకునేవాడు, వాన సంగతి ఎత్తేవాడు. అంతవరకే. అదొక్కటే తనకు మిగిలిన నిజాయితీ అనుకునేవాడు.

ఆ నవంబరులో పాత నాటకశాలలో ఆ నాటకం మళ్ళీ వేస్తున్నారు. శనివారం ఆటకి ఎజ్రా రావాలి, జనం ముందు నిలబడాలి అన్నారు.

"నేను పోను" అన్నాడు ఎజ్రా.

వెర్లీన్ పొయ్యి మీద ఇనప దువ్వెన వేడి చేసి, పక్కింటామె ఉంగరాల జుట్టు సాపు చేస్తోంది. "పోకపోతే నష్టమేం లేదులే. నీ వేషం వేసేవాడికి పళ్ళన్నీ ఉన్నాయట. ఆడవాళ్ళు నిన్ను చూస్తే టికెట్టు డబ్బులు వెనక్కి అడుగుతారు."

పక్కింటామె నవ్వి, జుట్టుకి నూనె రాయించుకుని వెళ్ళిపోయింది. అప్పుడు ఎజ్రా చెప్పాడు. మొదటినుంచి చివరిదాకా, పర్సీ పిలుపుతో సహా.

వెర్లీన్ పొయ్యి ఆపింది. దువ్వెన పక్కన పెట్టింది.

"ఇప్పుడెందుకిది, అన్నా?"

"పోయేలోపు ఒపాల్‌కి చెప్పాలి."

"చెబితే నీకు బరువు దిగుతుంది. ఆమెకి?"

"ఆమె తిండి తింటున్నానే, వెర్లీన్. ప్రతి ఆదివారం."

అతను ఒపాల్ ఇంటికి వెళ్ళాడు. మాట మొదలుపెట్టకముందే పళ్ళెం వచ్చింది. "ముందు తిను, మాటలెక్కడికి పోతాయి" అంది. ఆ వారంలో మళ్ళీ వెళ్ళినా అంతే.

అందుకని బుధవారం సాక్ష్యాల కూటంలో చెబుదామనుకున్నాడు. వాళ్ళ చర్చిలో బుధవారం సాయంత్రం ఎవరైనా లేచి తన బతుకులో జరిగింది చెప్పుకోవచ్చు. సాక్ష్యం చెప్పేవాడి మాటకు పాస్టరు కూడా అడ్డు రాకూడదు. ఒపాల్ ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమె చేతిలో పళ్ళెం ఉండదు.

ఎజ్రా లేచి ముందున్న బెంచీ పట్టుకున్నాడు. "నేను మంచివాణ్ణి కాదు" అన్నాడు.

"ఎవరం మంచివాళ్ళం, బ్రదర్" అంది వెనకనుంచి ఎవరో.

"పర్సీ చెయ్యి నా చేతిలో ఉంది."

"ఉంది ప్రభువా."

"వేడి. ఆ వేడి మీరెరగరు. నేనప్పుడు..."

దగ్గు తెర వచ్చింది. మాట గొంతులో అడ్డంపడింది. కళ్ళు నిండాయి. వాళ్ళ చర్చిలో ఇంకో పద్ధతి కూడా ఉంది. సాక్ష్యం చెప్పేవాడి గొంతు పూడుకుపోతే అతన్ని ఒంటరిగా వదలరు. ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. అది కరుణ. పడిపోబోయేవాడి చంక కింద చెయ్యి వెయ్యడం లాంటిది.

ఒపాల్ ఎత్తుకుంది. ముసలి గొంతు, సన్నగా, వణుకుతూ. మొదటి చరణం దాటేసరికి చర్చంతా అందుకుంది. చప్పట్లు, పాదాల తాళం, పియానో. ఎజ్రా పెదవులు ఆడుతూనే ఉన్నాయి. "వదిలేశాను" అంటున్నాడు. "పారిపోయాను" అంటున్నాడు. ఆ మాటలు పాటలో పడి, ఏట్లో పడ్డ నిప్పురవ్వల్లా ఆరిపోయాయి. పాట అయ్యాక అందరూ వచ్చి అతన్ని కావలించుకున్నారు. గొప్ప సాక్ష్యం అన్నారు.

బయట మెట్ల దగ్గర ఒపాల్ ఒక్కతే ఉన్నప్పుడు ఎజ్రా దగ్గరకు నడిచాడు. ఈసారి దగ్గు రాలేదు.

"ఒపాల్, నేను చెయ్యి విడిపించుకుని పారిపోయాను. వాడు నన్ను పిలిచాడు. నేను తిరిగి చూడలేదు."

వీధిదీపం కింద ఆమె కోటు మెడ దగ్గరికి లాక్కుంది.

"నేను చూశాను కదా" అంది. "క్లీవ్‌లాండ్‌లో. నా కళ్ళతో."

"అది నాటకం."

"నాకున్నది అదే, ఎజ్రా." ఆమె చేతిసంచి గుండెలకు హత్తుకుంది. "ఆయన ఒంటరిగా పోయాడని నువ్వు నాతో అనకు. ఈ వయసులో అనకు. ఆ మాట నువ్వే ఉంచుకో. శనివారం వచ్చి నిలబడు."

శనివారం అతను వెళ్ళాడు. వెర్లీన్ ఒక పక్క, ఒపాల్ ఒక పక్క. వేదిక మీద ఎర్రటి వెలుగులో ఎవరో ఎవరి చెయ్యో పట్టుకుని పాడుతున్నారు. చుట్టూ జనం ఏడుస్తున్నారు. ఒపాల్ ఏడవలేదు. రెప్ప వెయ్యకుండా చూసింది, ప్రతి కదలికా కంఠతా పట్టుకోవాలన్నట్టు.

ఆట అయ్యి, ఎజ్రా జనం ముందు నిలబడి వచ్చాక, అతని వేషం వేసిన నటుడు వాళ్ళ దగ్గరకొచ్చాడు. మెడ మీద రంగు ఇంకా తుడుచుకోలేదు.

"అయ్యా, మిమ్మల్ని ఒక్కటి అడగాలని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. ఆ చివర్లో... నిజంగా అలాగే జరిగిందా?"

వెర్లీన్ పైకప్పు వంక చూసింది. ఒపాల్ కోటు బొత్తాలు పెట్టుకోబోతూ ఆగింది. తలెత్తలేదు. బొత్తం మీద వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

ఎజ్రా టోపీ సర్దుకోలేదు. వాన సంగతి ఎత్తలేదు.

"అలాగే జరిగింది" అన్నాడు.

నటుడు అతనికి వంగి దండం పెట్టాడు. ఒపాల్ బొత్తం పెట్టుకుంది, తర్వాతది, ఆ తర్వాతది. "బయట మంచు మొదలైంది, పదండి" అని ముందు నడిచింది. ఎజ్రా గోడ పట్టుకుని, ఊపిరి కోసం ఆగుతూ, ఒక్కో మెట్టూ దిగాడు.