హెల్గా గారి పొయ్యి మీద రెండు గిన్నెలు

లావణ్య ఫోన్ చేసింది ఒక ఆదివారం సాయంత్రం. తనకు ఐదో నెల నడుస్తోంది. "ఏం తిన్నా సయిస్తలేదే ప్రసన్నా. అన్నం చూస్తేనే తిప్పుతుంది. ఒక్కటే తినాలనిపిస్తుంది. నువ్వు పనిచేసిన ఊర్ల ముసలామె చేస్తుండె చూడు, పుల్లగ తియ్యగ మటన్, అది. శనివారం నన్ను తీస్కపో" అంది. కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగితే కాదనకూడదంటారు. సరే అనేశాను. ఇబ్బందల్లా ఒక్కటే. అది మటన్ కాదు, బీఫ్. ఆ సంగతి నాకు తెలుసు, వండిన హెల్గా గారికి తెలుసు. లావణ్యకు మాత్రం ఇన్నేళ్లుగా తెలియదు, ఎందుకంటే మటన్ అని చెప్పింది నేనే. అందుకని ఇది ఊరు చూసొచ్చిన కబురే అయినా, దారి పొడవునా నా గుండె దడదడలాడిన కబురు కూడా.

కొత్తగా చదివేవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళతాను. మేమిద్దరం కెనడాలోని కిచెనర్‌లో చదువుకున్న రోజుల్లో ఏ బస్సెక్కినా తెలుగు వినిపించేది, ఏ కొట్టు ముందు చూసినా మనవాళ్లే రెజ్యూమేలు పట్టుకుని నిలబడి ఉండేవారు. ఒక తెలుగు అంకుల్ ఇంటి బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలం ఉండేవాళ్లం. ఒక స్టవ్, ఒక ఫ్రిజ్, పొద్దున బాత్రూమ్ కోసం వరస. గది చూపించిన రోజునే అంకుల్ "మన ఇంట్లో పెద్దది మాత్రం వండొద్దమ్మా, మిగతాది మీ ఇష్టం" అన్నారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. మాది తెనాలి పక్క పల్లె. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా ఇంట్లో ఉడికేది ఆ పెద్దదే, బీఫే. కానీ ఆ వేళ గది దొరకడమే గగనం, అడ్వాన్స్ చేతిలో పట్టుకుని నా వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. మా ఇంట్లో ఏం తింటామో చెప్పడానికి అది సమయం కాదనుకున్నాను. ఆ తరువాత సమయం రానేలేదు.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు కనెస్టోగా మాల్ దగ్గర కలుసుకున్నాం. లావణ్య మిస్సిసాగా నుంచి కారులో వచ్చింది. కారులోనే హెల్గా గారి ఊరు ఎల్మైరా వెళితే ఇరవై నిమిషాల పని, కానీ తనే "బస్సుల పోదాం, పాత రోజులు యాదికొస్తయి" అని కారు మాల్‌లో పెట్టేసింది. కిచెనర్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఐయాన్ రైల్లో చివరి స్టేషన్ కనెస్టోగాలో దిగితే చాలు, ఎదురుగానే ఎల్మైరా బస్సు ఆగుతుంది. టికెట్ నాలుగు డాలర్ల లోపే, రైల్లో కొట్టిన కార్డే బస్సులో పనికొస్తుంది. బస్సులు గంటకొకటి కూడా ఉండవు, ఆదివారమైతే ముందే చూసుకోండి. తొమ్మిది దాటాక మా బస్సు వచ్చింది. తలపాగా పెట్టుకున్న డ్రైవర్ మమ్మల్ని చూసి "కాలేజీ పిల్లలా?" అన్నాడు. లావణ్య పొట్ట చూపించి నవ్వింది.

"ఒకప్పుడు శనివారం పొద్దున ఈ బస్సులో నిలబడటానికి చోటుండేది కాదు. అందరూ మీ పిల్లలే, ఫ్యాక్టరీల్లోకి, వంటిళ్లలోకి. ఇప్పుడు నేనూ రేడియో" అన్నాడు. నిజమే, బస్సులో మాతో కలిపి ఐదుగురం. నేను ఎప్పుడూ కూర్చునే ఎడమ వైపు కిటికీ దగ్గరే కూర్చున్నాను. సెయింట్ జేకబ్స్ దాటగానే మొక్కజొన్న చేలు, రోడ్డు అంచున ఇప్పటికీ కార్లు వాడని రైతుల నల్ల గుర్రపు బగ్గీలు, బట్టల తీగల మీద వరసగా ఆరేసిన నీలం గౌన్లు. అవన్నీ చూస్తుంటే, చలికి వేళ్లు కొంకర్లు పోతూ అదే సీట్లో అసైన్‌మెంట్ టైప్ చేసుకుంటూ వెళ్లిన ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. ఎంత కష్టపడ్డానో తలుచుకుంటే దిగులే, అయినా ఆ రోజులు మళ్లీ ఇస్తానంటే తీసుకుంటాను.

బస్సులో చెప్పేద్దామని ఇంటి దగ్గర గట్టిగా అనుకునే బయలుదేరాను. నోరు తెరిచాను కూడా. అంతలో లావణ్యే ఎత్తుకుంది. "ఆ రోజు యాదుందా? వేర్‌హౌస్‌ల డబుల్ షిఫ్ట్ కొట్టి, మంచుల నడుసుకుంట వచ్చిన. ఫ్రిజ్‌ల నీ డబ్బా ఉండె. అడగకుండ తినేసిన. అసొంటి మటన్ మా అమ్మ కూడ చెయ్యలే" అంది. యాదుండకేం. నేను స్నానం చేసి వచ్చేసరికి డబ్బా ఖాళీ, లావణ్య వేళ్లు నాకుతోంది. "ఇదేం మటనే?" అని అడిగింది. "ఆ, మటనే" అన్నాను. అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు, తినడం అయిపోయింది. చెబితే తను వాంతి చేసుకుంటుంది, తెల్లారేసరికి అంకుల్‌కి తెలుస్తుంది, సాయంత్రానికి నా సూట్‌కేస్ బయట ఉంటుంది. అంతా ఒక్క క్షణంలో లెక్కకొచ్చింది. ఆ తరువాత ఎన్నిసార్లు అడిగినా ఈ వారం అక్కడ అది చేయలేదని తప్పించుకున్నాను.

అసలు నేను చేసిన తెలివితక్కువ పని ఇంకోటి ఉంది. లావణ్య ఫోన్ పెట్టేశాక మర్నాడు పొద్దున్నే హెల్గా గారికి ఫోన్ చేశాను. ఆవిడ వయసు ఇప్పుడు డెబ్భై ఆరు. ఇంట్లోనే నడిపిన చిన్న హోటల్ మూసేసి, అదే వంటగదిలో శనివారాలు పదిమంది లోపు వచ్చేవాళ్లకు జర్మన్ వంట నేర్పుతున్నారు. మనిషికి యాభై ఐదు డాలర్లు, భోజనం అందులోనే. "ఈ వారం బీఫ్‌కు బదులు గొర్రె మాంసంతో చేయగలరా? ఎప్పుడూ అలాగే చేస్తానని నా ఫ్రెండ్‌తో అంటారా?" అని అడిగాను. "మీ ఇద్దరికీ గొర్రె మాంసం వేరే ఊరబెడతాను. రెండో పని మాత్రం నేను చేయను" అన్నారు. ఆ మొదటి సగం విని, రెండో సగం విననట్టే ఉండిపోయాను.

ఎల్మైరాలో దిగి పావుగంట నడిస్తే ఆవిడ ఇల్లు. పది గంటలకు తలుపు తీసి నన్ను వాటేసుకున్నారు. వంటగదిలో మాతో పాటు గ్వెల్ఫ్ నుంచి వచ్చిన ఒక పెద్దవయసు జంట, అంతే. పొయ్యి మీద అప్పటికే రెండు గిన్నెలు సన్నటి మంట మీద ఉన్నాయి. "పెద్దదాంట్లో బీఫ్, చిన్నదాంట్లో లాంబ్. రెండూ సోమవారం నుంచి వెనిగర్‌లో ఊరాయి" అని హెల్గా గారు అందరికీ చెప్పారు. వెనిగర్, ఉల్లిపాయలు, లవంగాలు, మిరియాలు, బిర్యానీ ఆకు. ఐదు రోజులు ఊరిన ముక్కను ఎర్రగా వేయించి, ఊరిన నీళ్లలోనే మూడు గంటలు ఉడికిస్తారు. చివర్లో అల్లం బిస్కెట్లు పొడి చేసి కలిపితే పులుసు చిక్కబడి తీపి ఎక్కుతుంది. కూరలో బిస్కెట్లేంటని మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను. రుచి చూశాక నవ్వలేదు. లావణ్య నా చెవిలో "వాళ్లకు బీఫ్, మనకు మటన్, మంచిగ సెపరేట్‌గ పెడుతుందే" అని మెచ్చుకుంది. నేను బిస్కెట్లు నలుపుతూ కూర్చున్నాను.

ఆ పెద్ద జంట కోసం ఇంకో వంటకం కూడా ఉంది, ఓవెన్‌లో కాల్చిన బీఫ్, దాని పక్కన హార్స్‌రాడిష్ సాస్. హార్స్‌రాడిష్ అంటే ముల్లంగి జాతి వేరు. తురిమితే ఆవపిండి ఘాటు ముక్కులో నుంచి నడినెత్తికి ఎక్కుతుంది. ఆ తురుముని క్రీమ్‌లో, చిటికెడు ఉప్పు, రెండు చుక్కల వెనిగర్‌తో కలపడమే సాస్. ఈ ఇంట్లో నా మొదటి ఉద్యోగం అదే, వారానికి రెండు కిలోల వేర్లు తురమడం. మొదటి నెలంతా ఇంటి మీద బెంగతో ఏడుపు వచ్చినప్పుడల్లా ఆ పని నేనే అడిగి తీసుకునేదాన్ని. కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయని ఎవరూ అడగరు కదా. ఇప్పుడు తురుముతుంటే మళ్లీ అదే ఘాటు, అదే కిటికీ, బయట అదే మేపుల్ చెట్టు. హెల్గా గారు నా భుజం తట్టి "అప్పట్లో సగం వేరు, సగం బెంగ. నాకు తెలుసులే" అన్నారు. అంతకాలం ఎవరికీ తెలియలేదనుకున్నాను నేను.

పన్నెండున్నరకు బల్ల మీద అన్నీ పెట్టారు. ఉడికించిన బంగాళాదుంపలు, ఎర్ర క్యాబేజీ, మా ముందు చిన్న గిన్నె. లావణ్య ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. తను నెమ్మదిగా నమిలింది, ఇంకో ముక్క తింది, పులుసు వేరేగా చెంచాతో తాగింది. తరువాత కళ్లు తెరిచింది. "మంచిగుంది గానీ, ఇది అది కాదే" అంది.

"ఇన్నేళ్లయింది కదా, మర్చిపోయుంటావు" అన్నాను.

"ఎట్ల మర్చిపోత? నాలుగు నెలల సంది అదే రుచి నోట్లె తిరుగుతుంది." హెల్గా గారి వైపు తిరిగి, రెసిపీ మార్చారా అని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ చెంచా కింద పెట్టారు. "నలభై ఏళ్లలో ఏదీ మార్చలేదు" అని మాత్రం అని నా వైపు చూశారు. కోపంగా కాదు. సమయం ఇచ్చినట్టు చూశారు. ఆ చూపు కింద ఇంకో అబద్ధం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"అది మటన్ కాదు లావణ్యా. బీఫ్. ఆ రోజు నువ్వు తిన్నది బీఫ్" అన్నాను. తెలుగులోనే చెప్పాను, కానీ ఆ ఒక్క మాట అర్థం కాకుండా పోదు కదా. గ్వెల్ఫ్ జంట తినడం ఆపేశారు.

లావణ్య గిన్నె వంక చూసింది. "నీకు తెలిసే మటన్ అన్నవా?"

"తెలిసే అన్నాను. మా ఇంట్లో అదే తింటాం. మా నాయనమ్మ చింతచిగురు వేసి, కాస్త బెల్లం ముక్క వేసి వండేది. ఇక్కడ ఈ రుచి చూసి ప్రాణం లేచొచ్చి డబ్బాలో తెచ్చుకున్నాను. గది పోతుందని భయపడ్డాను. నీకు అలా చెప్పకుండా ఉండాల్సింది. తప్పు చేశాను."

తను లేచి సింకు దగ్గర నోరు పుక్కిలించి వరండాలోకి వెళ్లిపోయింది. వెనకాలే వెళ్లబోతే హెల్గా గారు నా చేయి పట్టుకుని ఆపారు. పావుగంట తరువాత లావణ్య తిరిగి వచ్చి, బ్యాగ్ తీసుకుని, హెల్గా గారికి మర్యాదగా థాంక్స్ చెప్పింది. నాతో ఒక్క మాట లేదు. రెండు దాటాక వచ్చిన బస్సులో నాకు నాలుగు సీట్ల ముందు కూర్చుంది. నేను ఆ అరగంటా తన జడ చూస్తూ కూర్చున్నాను. బగ్గీలు వెళ్లాయో, చేలు వెళ్లాయో చూడలేదు. ఇన్నేళ్ల స్నేహం పోయిందనే అనుకున్నాను, ఏడుపు ఆపుకోవడానికి ఈసారి చేతిలో తురమడానికి కూడా ఏమీ లేదు.

మాల్ దగ్గర కారు తలుపు తీసి, లోపల కూర్చోకుండా నిలబడింది. "తిన్నందుకు కోపం లేదనుకోకు. ఉంది. మా అమ్మకు తెలిస్తే నెల రోజులు ఏడుస్తది" అంది. నేను తలూపాను. "దానికన్న ఇంకోటి ఎక్కువుంది. ఏడాది నా పక్కల పడుకున్నవ్. మా ఇంటి ముచ్చట్లన్నీ విన్నవ్. నీ ఇంట్ల ఆదివారం ఏం వండుకుంటరో నాకు చెప్పలే."

"చెబితే ఉండనిచ్చేదానివా?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

"ఏమో. అప్పటి నేనైతే అంకుల్‌కు చెప్పేదాన్నేమో" అంది. ఆ మాట అన్నాక తనకే కళ్లలో నీళ్లు తిరిగాయి. కారులో కూర్చుని బెల్ట్ పెట్టుకుని, అద్దం దించింది. "ఏడో నెలల సీమంతం. రా. తినేటివి మాత్రం ఏం తేకు" అని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఆ చివరి మాటలే పదేపదే వింటున్నాను. అలాంటిదేం లేదు, నేను ఉండనిచ్చేదాన్నే అని తను అని ఉంటే నేను సంతోషపడేదాన్ని, కానీ నమ్మేదాన్ని కాదు. చెప్పేదాన్నేమో అన్నది కనుక, రమ్మన్న మాట నమ్ముతున్నాను. ఆ బేస్‌మెంట్ రోజుల్ని నేను ఎంతో ప్రేమగా తలుచుకుంటాను. అక్కడ తనతో ఒకే దుప్పటి కింద పడుకుంటూ తనకే భయపడిన నా భయం ఉత్తది కాదని ఇప్పుడు తెలిసింది. ఆ భయం సంగతి తనకు ఇన్నేళ్లూ తెలియకపోవడమే విచారం. సీమంతానికి వెళతాను, పూలు పట్టుకెళతాను.

మీరెవరైనా ఇలాంటి వంట తరగతికి వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. ఏ మాంసం తింటారో, ఏది తినరో, మీతో వచ్చేవాళ్లు ఏది తినరో బుక్ చేసేటప్పుడే చెప్పేయండి. మాంసం ఐదు రోజుల ముందే ఊరబెడతారు కాబట్టి, బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే చాలా ఆలస్యమవుతుంది.