టేపు అవతలి కొస

ఇందులో ఒక్క అంగుళం కూడా నేను కలపలేదు. నన్నెరిగినవాళ్లకు తెలుసు... కొలత విషయంలో నేను సొంత చెల్లెలి మాట కూడా నమ్మను.

డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక జగిత్యాలలో ఉంటూ ఇళ్ల లోపలి డిజైన్లు గీసిస్తున్నాను. వయసు అరవై ఏడు. కోరుట్ల, సిరిసిల్ల దాకా బస్సులో వెళ్తాను. నోటుబుక్కులో ప్రతి కొలతకూ తేదీ వేస్తాను. దాని పక్క గడిలో టేపు అవతలి కొస పట్టుకున్న మనిషి పేరు రాస్తాను. ఒకసారి ఎవరో కొస వంకరగా పడితే అల్మారా రెండంగుళాలు పొట్టిదైంది. అప్పటి నుంచీ ఇదే పద్ధతి.

కోరుట్లలో జమున ఇల్లు. భర్త పదకొండేళ్లుగా దుబాయిలోనే పనిచేస్తూ కట్టించాడు. శుక్రవారం నుంచి చిన్న కూతురితో ఆమె అందులో ఉండాలి. ఇద్దరే.

ఆ మంగళవారం, సాయంత్రం ఏడుంబావు. చివరి కొలత. హాలు గోడ నుంచి పడకగది చివరి గోడ వరకు. జమున కొస పట్టుకుని లోపలికి వెళ్లింది.

"గోడకు ఆనిచ్చినవా?"

"ఆఁ, ఆనిచ్చిన. గుంజు టీచరమ్మా!"

"ఈసారన్న టక్కున ఇడువకు. పొద్దటి సంది నా బొటనేలు పచ్చడి చేసినవ్."

"గా ఏలుకు ఇన్సూరెన్స్ చేపియ్యి!"

నవ్వు... అంతలో కరెంటు పోయింది.

ఫోను టార్చి వేశాను. టేపు కొంచెం పక్కకు పోయింది. "జర ఎడమకు," అన్నాను. జరిగింది. "ఇంకింత." జరిగింది. "చాలు." ఆగింది. మాట మాత్రం లేదు. ఇరవై ఆరడుగుల మూడంగుళాలు. రాసుకున్నాను.

"ఇగ తీస్కరా బిడ్డా."

లాకు వదిలాను. టేపు విసురుగా రాలేదు. మెల్లగా... టిక్... టిక్... డబ్బాలోకి చుట్టుకుంటోంది. పని తెలిసినవాళ్లు అలాగే కొస పట్టుకుని నడిచి వస్తారు, మన వేలికి తగలకుండా. పిల్ల నేర్చుకుందే అని మురిసిపోయాను.

పన్నెండడుగులు... తొమ్మిది... ఆరు...

నా వెనక వీధి తలుపు కిర్రుమంది.

"టీచరమ్మా... ఒక్కదానివే ఎట్ల కొలుస్తున్నవ్?"

జమున. చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి.

"కరెంటు పోంగనే కొస కింద వెట్టి ఎన్క తలుపుల కెళ్లి పక్కింటికి ఉరికిన, మోంబత్తి తెద్దామని. చెప్పిన గద! ఇనలేదా?"

నా బొటనవేలు దానంతటదే లాకు నొక్కింది. టేపు ఇంకా బిగుతుగానే ఉంది. టార్చి అటు తిప్పాలి... చెయ్యి లేవలేదు. ఆరడుగుల దూరం. అంతే.

టక్.

కొస నేలకు తాకింది. పడినట్టు కాదు... ఎవరో వంగి పెట్టినట్టు.

మర్నాడు పట్టపగలు, జమున చేతికే కొస ఇచ్చి మళ్లీ కొలిచాను. ఇరవై ఆరడుగుల మూడంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు.

జమున నోటుబుక్కు తిరగేసింది. "అన్నిట్ల నా పేరే ఉంది. నిన్న రాత్రి దానికి లేదేంది?"

నేను నోటుబుక్కు తీసుకుని మూసేశాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"ఇల్లు మంచిగనే ఉన్నది గద టీచరమ్మా? ఎల్లుండి బిడ్డను తీస్కరావాలె."

"కొలతలన్నీ సరిపోయినయ్ బిడ్డా," అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ ఆమె అడిగింది కొలతల గురించి కాదు.

వాళ్లు అక్కడికి మారి నాలుగు నెలలు. వారానికోసారి ఫోను చేసి, బాగున్నారా అని అడుగుతాను. "మంచిగున్నం, ఏం భయపడ్తున్నవ్?" అంటుంది. చెప్పను. ఏం చెప్పాలి? అది ఎవరైనా గానీ... నా వేలికి దెబ్బ తగలనివ్వలేదు.

నోటుబుక్కులో ఆ గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.